హాల్‌స్టాట్‌లో సందర్శకులకు పరిమితి పెట్టాలా?

గవ్వ:
ఆస్ట్రియాలో సరస్సుకూ కొండకూ మధ్య ఇరుక్కున్న ఊరు హాల్‌స్టాట్. జనాభా 800 లోపే. రద్దీ రోజుల్లో వచ్చేవారు 10,000 దాకా ఉంటారు. 2023 మేలో, అందరూ ఫొటోలకు ఎగబడే చోట సరస్సు కనబడకుండా చెక్క కంచె కట్టారు. గోల రేగాక తీసేశారు. ఆ ఆగస్టులో ఊరివాళ్లు సొరంగం దారికి అడ్డంగా నిలబడ్డారు. రోజుకు ఇంతమందే రావాలని వారి పట్టు. నేను వారి పక్షమే.

తెడ్డు:
ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాల్సిందే. హోటలు డబ్బు, పార్కింగు డబ్బు కావాలి, మనుషులు మాత్రం వద్దా? టూరిస్టు బస్సులు 2020 నుంచి ముందుగా సమయం తీసుకునే వస్తున్నాయి. ఇంకా ఏం కావాలి?

ఉప్పుమడి:
సామెత బాగుంది. కానీ ఉప్పు తిన్నది హోటలు యజమాని, నీళ్లు తాగుతున్నది పక్కింట్లో కిటికీ తెర దించుకున్నవారు.

మీరిద్దరూ ఊరిని బొమ్మలా చూస్తున్నారు. అది ఉప్పు గని ఊరు. గనిలో దొరికిన చెక్క మెట్లు క్రీ.పూ. 1344 ప్రాంతంలో నరికిన చెట్లవని కలపలోని వయసు వలయాల లెక్క తేల్చింది. ఉప్పునీరు మరిగించడానికి చుట్టుపక్కల కట్టెలు చాలక, 1595లో మొదలుపెట్టి, ఆ నీటిని పంపడానికి ఎబెన్‌సే అనే ఊరి దాకా దాదాపు 40 కిలోమీటర్ల గొట్టం వేశారు. ఇనుము కాదు సుమా! దాదాపు 13,000 దుంగలను తొలిచి, ఒకదాని మూతిలో ఒకటి గుచ్చుకుంటూ పోయారు. అక్కడ ఉప్పు తవ్వకం ఇప్పటికీ ఆగలేదు. ఇదంతా రెండు గంటల్లో ఫొటో దిగి పోయేవారికి ఏం తెలుస్తుంది? తగ్గించాల్సింది ఆ బస్సులనే. రాత్రి బస చేసేవారిని రానివ్వండి.

తెడ్డు:
అంటే గది అద్దె కట్టగలిగినవాడికే సరస్సు! మిగిలినవాళ్లు 2012లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో కట్టిన నకలు ఊరు చూసి తృప్తి పడాలేమో.

ఉప్పుమడి:
అద్దె సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటాను. బస్సుల మాట మాత్రం వెనక్కి తీసుకోను.

గవ్వ:
అక్కడి ఎముకల గది గురించి విన్నారా? శ్మశానంలో చోటు చాలక పాత సమాధులు తవ్వి, పుర్రెలను ఎండబెట్టి, నుదుటిపై పేరు రాసి, చుట్టూ ఆకులూ పూలూ గీసి వరుసగా పేర్చారు. అలా రంగులద్దినవే 600కు పైగా ఉన్నాయి. చనిపోయినవారికే వంతు పెట్టుకున్న ఊరు, వచ్చిపోయేవారికి పెడితే తప్పా?

తెడ్డు:
ఆ పుర్రెలు ఊరివాళ్లవి. వాళ్ల వంతు వాళ్లే పెట్టుకున్నారు. మీరు పెట్టమంటున్నది బయటివాళ్లకు.