వాటర్లూ ప్లేస్ ఫిరంగులు: ఉంచాలా, తీసేయాలా?

కోటగుమ్మం: లండన్ వాటర్లూ ప్లేస్‌లో క్రిమియా యుద్ధంలో (1850లలో బ్రిటన్, దాని మిత్రదేశాలు రష్యాతో చేసినది) పోయిన బ్రిటన్ గార్డ్స్ దళాల సైనికుల స్మారకం ఉంది. 1861 నాటిది, శిల్పి జాన్ బెల్. దాని వెనక, క్రిమియాలోని రష్యా నౌకాకోట సెవాస్తోపోల్‌లో పట్టుకున్న రష్యా ఫిరంగులు పేర్చారు. వాటిని మ్యూజియానికి తరలించాలి. గొట్టంలో వాననీళ్ళు నిలిచాయంటే లోపలినుంచి తినేస్తాయి.

కంచుకాగడా: దానికి తరలింపెందుకు? మూతి రెండు మూడు డిగ్రీలు కిందికి వాలి ఉంటే నీళ్ళు వాటంతటవే కారిపోతాయి. పేర్చినవాటిని కదపలేం కాబట్టి మూతికి బిరడా పెట్టాలి, దాని అడుగు అంచున గాలి ఆడే చిల్లు, చిల్లుకు జాలీ. రంజకపు బెజ్జాన్ని (మందు అంటించే వెనకవైపు చిల్లు) పైనుంచి మూసేయాలి.

కోటగుమ్మం: బిరడా పెడితే చెమ్మ లోపలే ఉండిపోతుంది!

కంచుకాగడా: చిల్లు లేని చెక్క బిరడా అయితే అంతే, ఉబ్బి బిగుసుకుంటుంది. నేను చెప్పింది చిల్లున్నదాని గురించి. చదివి జవాబివ్వండి.

ఇనుపరజను: ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే పోత ఇనుము: తుప్పు చేతి బ్రష్‌తో తీసి, తుప్పును ఆపే జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ (అడుగు రంగు) రెండు పూతలు, పైన రంగు. అంటుకోకపోతే కంచు: మైనం చాలు. గాలితో ఇసుక మాత్రం చిమ్మి కొట్టొద్దు, పోత ముద్రలు అరిగిపోతాయి.

కోటగుమ్మం: బిరడా గొడవ వదిలేయండి. చనిపోయినవాళ్ళ స్మారకం దగ్గర శత్రువు ఆయుధాలను కొల్లసొత్తులా పేర్చడమే నాకు అభ్యంతరం. సెవాస్తోపోల్‌లో రష్యావాళ్ళూ వేలల్లో చచ్చారు.

కంచుకాగడా: ఆ ముక్క మొదటే అనాల్సింది! ముందున్న ముగ్గురు సైనికుల విగ్రహాలూ పట్టుకున్న ఫిరంగుల కంచుతో పోసినవే. వాటినీ తీసేస్తారా?

కోటగుమ్మం: కరిగిస్తే అది విగ్రహం. కరిగించనిది ఇంకా ఆయుధమే. పైగా ఆ యుద్ధంలో గాయపడ్డవాళ్ళకు సేవ చేసిన నర్సు నైటింగేల్ విగ్రహానికి చోటివ్వడానికి ఈ స్మారకాన్నే ఒకసారి జరిపారు. అమరిక మార్చకూడదంటారేమో, ఆ వాదన నిలవదు.

కంచుకాగడా: జరిపారు, కానీ ఫిరంగులను స్మారకం నుంచి విడదీయలేదు. బ్రిటన్ ఊళ్ళకు పంచిన సెవాస్తోపోల్ ఫిరంగులు చాలావరకు రెండో ప్రపంచ యుద్ధంలో తుక్కుకింద పోయాయి. మిగిలినవి జనం కళ్ళముందే ఉండాలి. ఎవరివో, ఎక్కడ పట్టుకున్నారో, రెండు పక్కలా ఎవరు పోయారో ఫలకం పెట్టండి, ఒప్పుకుంటాను.

ఇనుపరజను: పెడితే ఫిరంగికి మాత్రం బెజ్జం వేయొద్దు. పీఠంలో రాళ్ళ అతుకు దగ్గర స్టెయిన్‌లెస్ స్టీల్ మరలు బిగించాలి. మామూలు ఇనుప మర తుప్పుపట్టి ఉబ్బితే రాయి పగులుతుంది.