వెలుగా, వెలుతురా? మడత సైకిలు ముందు లైటుకి మాటల వెతుకులాట

మడత_సైకిలు:
నమస్కారమండీ. మడత సైకిలు మీద ఆఫీసుకి వెళ్ళొచ్చేవాళ్ళు ముందు లైటు ఎలా ఎంచుకోవాలో చెబుతూ తెలుగులో నాలుగు పేజీల కాగితం ఒకటి తయారవుతోంది. మూడు చోట్ల పని ఆగింది. ల్యూమెన్, లక్స్ అనే రెండు కొలతలకీ ‘కాంతి’ అనే రాస్తే చదివేవాళ్ళకి తేడా అందడం లేదు. మంచి లైట్లలో ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలో పడకుండా వెలుగు పైభాగాన గీత గీసినట్టు తెగిపోతుంది, దానికి మాట లేదు. ఇక ‘ఫ్లాష్’ మోడ్‌కి ‘మిణుకు’ అనొచ్చా? ‘మడత సైకిలు’ మీద మాత్రం అనుమానం లేదు. మడత మంచం, మడత కుర్చీ ఉండగా కొత్త సమాసం దేనికి?

పదాలపెట్టె:
మొదటిదానికి జవాబు మన నోట్లోనే ఉంది. దీపం వెలుగుతుంది అంటాం, ‘వెలుతురుతుంది’ అనం. వెలుగుకి క్రియ ఉంది, వెలుతురుకి లేదు. వెలుగు దీపం చేసే పని. వెలుతురు ఒక చోటికి దక్కేది: ‘గదిలో వెలుతురు చాలదు’, ‘కాస్త వెలుతురుకి రా’, ‘వెలుతురుండగానే ఇల్లు చేరు’. కాబట్టి లైటు బయటికి ఇచ్చే మొత్తానికి వెలుగు, రోడ్డు మీద పడి మనకి పనికొచ్చేదానికి వెలుతురు అని విడదీయండి. నిఘంటువులు రెండిటినీ పర్యాయపదాలుగానే ఇస్తాయి, ‘సూర్యుడి వెలుతురు’ అనేవాళ్ళూ ఉన్నారు. ఇది నియమం కాదు, వాడుకలో ఉన్న మొగ్గు. ‘కాంతి’ని పాఠ్యపుస్తకానికి వదిలేయండి. అక్కడ ‘కాంతి తీవ్రత’ అంటే కాండెలా అనే మూడో కొలత, ఇక్కడికి లాక్కొస్తే మరో మడతపేచీ.

స్పోకు_నట్టు:
మాస్టారు చేసిన విభజన కొలతలకి అచ్చంగా సరిపోయింది. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండేది ల్యూమెన్, అంటే లైటు అన్ని వైపులకీ కలిపి ఇచ్చే వెలుగు. అది ఎటు పోతోందో ఆ అంకె చెప్పదు. 400 ల్యూమెన్ల టార్చి గుండ్రంగా విరజిమ్మితే చాలా భాగం చెట్ల కొమ్మలకీ, ఎదురొచ్చేవాళ్ళ మొహాలకీ పోతుంది. 150 ల్యూమెన్లే ఇచ్చినా అద్దాన్ని రోడ్డు కోసమే మలిచిన లైటు దాని కంటే ఎక్కువ దారి చూపించగలదు.

లక్స్ అంటే ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడడం. 10 మీటర్ల దూరాన గోడ మీద 40 లక్స్ పడితే 20 మీటర్ల దగ్గర 10 లక్సే. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే ఎన్ని మీటర్ల దగ్గర కొలిచారో చెప్పని లక్స్ అంకెని నమ్మకూడదు.

కాగితంలో తప్పకుండా రాయాల్సింది ఇంకొకటి. గోడ మీద లెక్క వేరు, రోడ్డు మీద లెక్క వేరు. గోడకి వెలుగు నేరుగా తగులుతుంది, రోడ్డుని ఏటవాలుగా రాసుకుంటూ పోతుంది. హ్యాండిల్ మీద, నేలకి 1 మీటరు ఎత్తున ఉన్న లైటు 10 మీటర్ల అవతల గోడకి 40 లక్స్ ఇస్తే, అదే దూరంలో రోడ్డుకి దక్కేది సుమారు 4. అదే లైటుని ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు దగ్గర అర మీటరు ఎత్తున బిగిస్తే సుమారు 2. ఎత్తు సగమైతే వెలుతురూ సగమే.

అలాగని కింద బిగించడం దండగ కాదు. 8 మీటర్ల ముందు 5 సెం.మీ. ఎత్తు రాయి ఉందనుకోండి. మీటరు ఎత్తు లైటుకి దాని నీడ 42 సెం.మీ. పొడవు వస్తుంది, అర మీటరు ఎత్తు లైటుకి 89 సెం.మీ. నీడ పొడుగ్గా ఉంటే రాయి ముందే పసిగడతాం. 16 అంగుళాల చక్రం పెద్ద చక్రం కంటే గుంతలోకి లోతుగా దిగుతుంది, కాబట్టి మడత సైకిలుకి ఈ నీడలే ప్రాణం. చిక్కేమిటంటే మరీ కిందికి పెడితే ప్రతి చిన్న గతుకూ నల్లటి గొయ్యిలా కనబడుతుంది, ఏది లోతో తెలీదు. హెల్మెట్ లైటుది దీనికి సరిగ్గా వ్యతిరేకం. కంటి పక్కనే ఉంటుంది కాబట్టి నీడ రాయి వెనకే దాక్కుంటుంది, రోడ్డంతా చదునుగా అనిపిస్తుంది. దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

ఓరుగల్లు_పిల్ల:
గా రెండో మాట గురించి చెప్త. మా దిక్కు ‘లైటు కండ్లల్ల కొడుతున్నది’ అంటరు, ‘మిరుమిట్లు గొలుపుతున్నది’ అని ఎవ్వరనరు. కాగితంల గూడ గట్లనే రాయుండ్రి. మిరుమిట్లు మెరుపుకి, నగలకి పనికొస్తయి.

పదాలపెట్టె:
నిజమే తల్లీ, ‘కళ్ళలో కొట్టడం’ కంటే సూటిగా చెప్పే మాట లేదు. అయితే కొట్టకుండా ఆపేదానికి ‘వెలుగు గట్టు’ అంటే ఎలా ఉంటుంది? చేలో నీళ్ళు పొర్లిపోకుండా గట్టు ఆపినట్టు, వెలుగు పైకి పోకుండా ఆ గీత ఆపుతుంది.

ఓరుగల్లు_పిల్ల:
మాట మంచిగనే ఉన్నది గని సార్, మా దగ్గర గట్టంటే గుట్ట. పొలానిది ఒడ్డు. ‘వెలుగు గట్టు’ అంటే లైటు తీస్కపోయి గుట్ట మీద పెట్టిండ్రా అంటరు.

రైన్_ఒడ్డు:
జర్మనీలో ఉంటున్నాను, ఇక్కడి మాట పనికొస్తుందేమో చూడండి. ఆ గీతని ‘హెల్-డుంకెల్-గ్రెంజె’ అంటారు, ‘వెలుగు చీకట్ల సరిహద్దు’ అని. ఇక్కడి వాహన నిబంధనల్లో 67వ సెక్షను సైకిలు లైట్ల గురించే. ఆమోదం పొందిన లైటు మీద అలల గీతా, ‘కె’ అక్షరమూ, ఒక నంబరూ అచ్చై ఉంటాయి. ముందు లైటు 10 మీటర్ల దూరాన కనీసం 10 లక్స్ ఇవ్వాలి. అత్యంత ప్రకాశంగా ఉండే చోటికి 3.4 డిగ్రీల పైన 2 లక్స్ దాటకూడదు. ముందు లైటు వెలిగి ఆరుతూ ఉండడానికి ఇక్కడ అనుమతి లేదు. కారు హెడ్‌లైటు కుడి ఎడమలకి తేడాగా పడుతుంది గానీ, ఈ సైకిలు లైట్లు సాధారణంగా రెండు పక్కలా ఒకేలా పడతాయి. అందుకని రోడ్డుకి ఎడమ పక్కన నడిపే మన ఊళ్ళలోనూ ఇబ్బంది లేదు.

10 లక్స్ అనేది చట్టానికి కనీసం, అంతే. వీధి దీపాలున్న దారికి 30, దీపాల్లేని బైపాసుకి 50 అయినా ఉండాలని నా అభిప్రాయం.

మడత_సైకిలు:
‘సరిహద్దు’ అనగానే సైన్యం గుర్తొస్తోంది. ‘పైగీత’ అని రాసేస్తాను, రెండు ప్రాంతాల్లోనూ ఒకే అర్థం. ఇప్పుడు అసలు చిక్కు: లైటు ఎక్కడ బిగించమని రాయాలి? హ్యాండిల్ మీద పెడితే ముందు సంచీ అడ్డొస్తుంది, చక్రం ముందంతా నల్లగా ఉంటుంది. దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు.

స్పోకు_నట్టు:
సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. బ్రాంప్టన్ అనే కంపెనీ రకం మడత సైకిలు తీసుకోండి. సంచీ తగిలించే దిమ్మ ఫ్రేముకి ఉంటుంది, ఫోర్కుకి కాదు. హ్యాండిల్ తిప్పినా సంచీ తిరగదు. లైటు హ్యాండిల్ మీద ఉంటే మలుపులో అది తిరిగి, తిరగని సంచీ అంచు మీద వెలుగు పోస్తుంది. పొడుగు సంచీ అయితే దగ్గరి రోడ్డు మొత్తం నీడే. ఫోర్కు పైన, ముందు బ్రేకు బిగించే బోల్టుకే లైటు క్లాంపు వేస్తే సంచీ కిందనుంచి వెలుగు పోతుంది, చక్రంతో పాటే తిరుగుతుంది. వెలుతురు సగమైనా ఈ రకానికి అదే నయం. సంచీ పెట్టనివాళ్ళకి హ్యాండిలే మేలు.

ఆ బోల్టు బిగించేటప్పుడు జాగ్రత్త. బ్రేకూ, మడ్‌గార్డూ, లైటూ మూడూ ఒకే బోల్టుకి వేలాడతాయి. క్లాంపు మందం కలిసేసరికి పాత బోల్టు పొట్టిదైపోయి నట్టుకి మరలు సరిగా అందవు. నట్టు మొత్తం పట్టి, కనీసం ఒక మర బయటికి కనబడాలి. లేకపోతే పొడుగు బోల్టు తెచ్చుకోవాలి. బిగించాక బ్రేకు ప్యాడ్లు రిమ్ముకి మధ్యలో ఉన్నాయో లేదో చూడాలి, చాలాసార్లు ఒక పక్కకి జరుగుతాయి.

కొనేముందు చేయాల్సిన పరీక్ష: సైకిలు మడిచి, లైటుని చేత్తో ఆ చోట పట్టుకుని చూడండి. హ్యాండిల్ కిందికి వాలినప్పుడు లైటు చక్రానికి తగులుతుందా, నేలకి ఆనుతుందా? 20 అంగుళాల కొన్ని మోడళ్ళలో హ్యాండిల్ రెండు సగాల మధ్యకి వస్తుంది, అక్కడ అరచేతి మందం ఖాళీ కూడా ఉండదు. అలాంటివాటికి చేత్తో ఊడదీయగలిగే లైటే దిక్కు.

ఊడే లైటుకి ఊడే బాధలు. హ్యాండిల్ గొట్టం పిడుల దగ్గర 22.2 మి.మీ., మధ్యలో 25.4 గానీ 31.8 గానీ ఉంటుంది. లావు గొట్టం కోసం చేసిన క్లాంపుని సన్నదానికి వేస్తే గతుకు గతుకుకీ లైటు ముక్కు కిందికి వాలుతుంది. కింద పాత ట్యూబు ముక్క ఒక చుట్టు వేస్తే పట్టేస్తుంది. రబ్బరు బెల్టు లైట్లు ఎండలో పెట్టగా పెట్టగా పగుళ్ళిస్తాయి. బెల్టు విడిగా దొరికే మోడలే కొనండి.

మడత_సైకిలు:
వంపు సరిచేసే పద్ధతి కూడా రెండు ముక్కల్లో చెబుతారా?

స్పోకు_నట్టు:
గోడకి 5 మీటర్ల దూరంలో లైటు ఉండేలా సైకిలు నిలపండి. లైటు ఎత్తు కొలిచి గోడ మీద సుద్దతో ఒక గీత, అందులో సగం ఎత్తున ఇంకో గీత గీయండి. ఎక్కువ వెలుతురు పడే మచ్చ మధ్యభాగం కింది గీత మీద ఉంటే, అది 10 మీటర్ల దగ్గర రోడ్డుని తాకుతుంది. పైగీత ఉన్న లైటైతే ఆ పైగీత మొదటి సుద్ద గీతని దాటకూడదు. మనిషి ఎక్కి కూర్చున్నాకే చూడాలి. వెనక రబ్బరు సస్పెన్షన్ దిమ్మ ఉన్న సైకిలు బరువుకి వెనక్కి కుంగి లైటు ముక్కు పైకి లేస్తుంది. ఖాళీ సైకిలు మీద సరిచేసిన లైటే రోడ్డెక్కాక ఎదుటివాళ్ళ కళ్ళలో కొట్టేది. సరిగ్గా కుదిరాక క్లాంపు మీదా గొట్టం మీదా కలిసేలా గోళ్ళరంగుతో చిన్న గీత గీయండి. రోజూ మడిచి విప్పే బండి కాబట్టి లైటు జరిగితే ఆ గీత విరిగి కనబడుతుంది.

10 మీటర్లు ఎందుకంటే, గంటకి 18 కి.మీ. వేగం అంటే సెకనుకి 5 మీటర్లు. చూసి బ్రేకు పట్టేసరికి ఒక సెకను, ఆగడానికి పొడి రోడ్డు మీద ఇంకో నాలుగు మీటర్లు. 9 అక్కడే అయిపోయాయి. తడి రోడ్డయితే వేగం తగ్గించాల్సిందే.

పదాలపెట్టె:
మూడో మాట మిగిలింది. ఫ్లాష్‌కి ‘మిణుకు’ వద్దు. మిణుకుమిణుకుమనేది చమురు అయిపోవచ్చిన దీపం, దూరాన ఉన్న నక్షత్రం. కాగితంలో ‘మిణుకు మోడ్’ అని చదివినవాళ్ళు బ్యాటరీ అయిపోతోందనుకుంటారు. ‘వెలిగి ఆరే మోడ్’ అనండి, లేదా అందరూ అంటున్న ‘బ్లింక్’ ఉంచేయండి.

రైన్_ఒడ్డు:
మరి బ్యాటరీ అయిపోతే? మా అమ్మమ్మ దీపం ‘ఆరిపోయింది’ అననిచ్చేది కాదు. ‘కొండెక్కింది’ అనాలి.

స్పోకు_నట్టు:
లైటు కంపెనీలు కూడా మీ అమ్మమ్మగారి బాటలోనే నడుస్తాయండీ, ఆరిందని ఒక పట్టాన ఒప్పుకోవు. టార్చిలకి వాడే ఎఫ్‌ఎల్1 అనే ప్రమాణంలో, వెలుగు మొదటి దానిలో 10 శాతానికి పడిపోయేదాకా ‘రన్ టైమ్’ కింద లెక్క. పెట్టె మీద 6 గంటలని ఉంటే అందులో ఆఖరి రెండు గంటలు కొండెక్కుతున్న దీపమే కావచ్చు. సొంతంగా లెక్కేసుకోండి. 18650 రకం చార్జింగ్ సెల్లు, 2600 మిల్లీ ఆంపియర్ అవర్లు, 3.7 వోల్టులు: దాదాపు 9.6 వాట్ అవర్లు. ఎల్‌ఈడీ 3 వాట్లు తాగితే, లోపలి సర్క్యూట్ నష్టం పోను రెండున్నర గంటల పైచిలుకు. సెల్లు పాతదయ్యేకొద్దీ ఇంకా తగ్గుతుంది. రానూ పోనూ గంటన్నర ప్రయాణమైతే రోజూ చార్జింగ్ పెట్టుకోక తప్పదు.

వాన సంగతికొస్తే, లైటు మీద ఐపీఎక్స్4 అనే గుర్తు ఉందంటే అన్ని వైపుల నుంచీ చిందే నీళ్ళకి ఓర్చుకుంటుందని. అయితే ఫోర్కు దగ్గరి లైటుకి రోడ్డు మీది బురద నీళ్ళు సూటిగా తగులుతాయి, చార్జింగ్ రంధ్రం రబ్బరు మూత సరిగ్గా మూయకపోతే ఆ రక్షణ లేనట్టే. ఇవేవీ పడనివాళ్ళకి హబ్ డైనమో ఉంది, చక్రం తిరుగుతుంటే దాని నడిమధ్య హబ్బులోనే కరెంటు పుడుతుంది. 16 అంగుళాల చక్రం గంటకి 15 కి.మీ. దగ్గర సెకనుకి మూడు చుట్లు దాటి తిరుగుతుంది, 26 అంగుళాలది రెండే. కాబట్టి చిన్న చక్రానికని చేసిన హబ్బే అడగాలి, లేకపోతే తొక్కుడు అనవసరంగా బరువెక్కుతుంది.

మడత_సైకిలు:
అందరికీ ధన్యవాదాలు. మొదటి పేరా ఇలా మార్చాను: ‘పెట్టె మీది ల్యూమెన్ లైటు ఇచ్చే వెలుగు. మీకు కావాల్సింది రోడ్డుకి దక్కే వెలుతురు. 10 మీటర్ల దగ్గర ఎన్ని లక్స్ ఇస్తుందో అడగండి. పైగీత ఉందో లేదో గోడ మీద వేసి చూడండి, లేకపోతే ఎదుటివాళ్ళ కళ్ళలో కొడుతుంది. దీపాలు పెట్టే వేళకి ముందే లైటు పెట్టండి.’

ఓరుగల్లు_పిల్ల:
ఆఖరి ముక్క మార్చుండ్రి సార్. ‘లైటు పెట్టండి’ అంటే బిగించుడా, వెలిగించుడా? దీపమైతే పెడతరు, లైటైతే ఏస్తరు.

మడత_సైకిలు:
‘లైటు వేయండి’ అని మార్చేశానమ్మా.