తాతగారి ఇల్లు బాగుచేయిస్తున్నాం: గోడ చెమ్మ, కిటికీలు, నేల పలకలు. ఏది ఉంచాలి, ఏది మార్చాలి?

నాలుగోతరం:
నమస్తే అండి. మా తాతగారు కట్టించిన ఇల్లు, 90 ఏళ్లు దాటింది. 18 అంగుళాల ఇటుక గోడలు, అంతా సున్నం పనే. టేకు కిటికీలు. ముందు గదిలో పూల డిజైన్ సిమెంటు పలకలు.

అమ్మ గదిలో గోడకి కింద మూడడుగుల దాకా చెమ్మ ఉండేది. మూడేళ్ల కిందట అక్కడ పాత సున్నం పూత ఊడగొట్టించి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాను, పైన ప్లాస్టిక్ పెయింట్. ఏడాది బాగానే ఉంది. ఇప్పుడు చెమ్మ సరిగ్గా సిమెంటు అంచు దాటి పైకి పాకింది. అక్కడ ఉప్పు తెల్లగా పొంగి, చెయ్యి పెడితే ఇసుక రాలుతోంది. డబ్బు పోసి మరీ చెమ్మని మెట్టెక్కించినట్టయింది.

మేస్త్రీ ఏమో "సున్నానికి బలం ఉండదు, ఇల్లంతా గీకేసి సిమెంటు చేద్దాం" అంటున్నాడు. వడ్రంగి టేకువి తీసేసి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు పెట్టించమంటున్నాడు. నేను చాకుతో గుచ్చి చూశాను, మెత్తబడింది కింది పట్టీలే, మిగతాదంతా ఇనుములా ఉంది. పలకలు ఎనిమిది విరిగాయి. మా తమ్ముడైతే "మ్యూజియంలో కాపురం పెడతావా" అని ఎగతాళి. నాకేమో ఆ కిటికీ రెక్క మూసినప్పుడు వచ్చే చప్పుడు పోతుందేమోనని బెంగ. నవ్వకండి.

సున్నంచేతులు:
నవ్వడం లేదండి, మా ఇంట్లో తలుపు గొళ్లెం విషయంలో నాదీ అదే గోల.

ముందు మేస్త్రీని ఆపండి. పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంటు వచ్చిందే 1824లో. అంతకుముందు కట్టినవి దేని బలంతో నిలబడ్డాయో అడగండి. సున్నం గోడ తడి పీల్చుకుంటుంది, మళ్లీ గాలికి ఆరిపోతుంది. మీరు దాని మీద సిమెంటు, ప్లాస్టిక్ పెయింట్ వేసి ఆరే దారి మూసేశారు. లోపలి నీరు ఎక్కడ సందు దొరికితే అక్కడికి ఎక్కుతుంది. నీటితో వచ్చిన ఉప్పు అక్కడే గడ్డకట్టి పూతని లోపల్నించి పగలగొడుతుంది.

అసలు నీరు ఎక్కడిదో చూశారా? గోడ బయట నేల, లోపలి గచ్చు కంటే కనీసం ఆరు అంగుళాలు కిందికి ఉండాలి. వాన గొట్టం ఎక్కడ పడుతోంది? అది తేలకుండా ఏ పూత వేసినా దండగే.

తర్వాత సిమెంటుని సుత్తి, ఉలితో మెల్లగా తీయించండి. మిషను వద్దు, ఇటుక ముఖం ఊడొస్తుంది. ఉప్పుని పొడి బ్రష్‌తో దులపండి, కడిగితే మళ్లీ గోడలోకే పోతుంది. ఆరడానికి అంగుళం మందానికి దాదాపు నెల అని మోటు లెక్క, కాబట్టి ఓపిక కావాలి. ఆపైన ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుక, పలుచటి పొరలుగా. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తీసుకుని గట్టిపడుతుంది, తొందరపెడితే వినదు. నేను మూడో రోజుకే రెండో పొర వేయించాను. గోడంతా మ్యాపులా పగుళ్లు! తడిగోనెలు కప్పి, రోజూ నీళ్లు చిలకరించి, ఒక్కో పొరకి వారం పైనే ఇవ్వండి. చివర వెల్ల వేస్తే చాలు.

చెక్కపొట్టు:
కిటికీ మొత్తం తీసేయమన్న వడ్రంగికి అతుకు పని రాదేమో, అంతే. పుచ్చిన మేర కోసి, అదే జాతి చెక్క, ఈనె (చెక్కలోని గీతలు) అదే దిక్కున ఉండేలా అతకాలి. అతుకు బయటికి వాలుగా ఉంటే నీరు జారిపోతుంది. పాత అద్దాలు పారేయకండి, వాటి అలల మెరుపు కొత్త అద్దంలో రాదు. అద్దాల చుట్టూ లప్పానికి సుద్దపొడి, అవిసె నూనె చాలు.

ఒక్కటి మాత్రం భయపెట్టి చెబుతాను. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దొద్దు, మంట పెట్టి కాల్చొద్దు. పరీక్ష చేయించి, తడిపి గీకించండి. పిల్లల్ని అటు రానివ్వకండి.

అతికిన ముక్క వెనక పెన్సిల్‌తో సంవత్సరం రాయించండి. కొత్త ముక్క పాతదాంట్లో కలిసిపోవాలి, కానీ వెతికితే తెలియాలి. పాత కట్టడాలు ఎలా కాపాడాలో నిపుణులు రాసుకున్న 1964 వెనిస్ చార్టర్‌లో ఉన్న మాటే ఇది, మ్యూజియం కాకపోయినా పనికొస్తుంది.

పలకలకి: బీరువాల కింద, మూలల్లో ఉన్నవి తీసి విరిగిన చోట వేయండి, కొత్తవి బీరువా కిందికి. యాసిడ్‌తో మాత్రం కడగొద్దు, పలకని తినేస్తుంది.

ఫ్యూజుపోయింది:
అందంగానే ఉంది గానీ, వైరింగ్ సంగతి ఎవరూ అనలేదు. ఆ ఇంట్లో బట్ట చుట్టిన పాత వైర్లు ఉంటే మొత్తం మార్చాల్సిందే, అందులో సెంటిమెంటు వద్దు. ఎర్తింగ్ ఉందో లేదో చూడండి. గోడలు చెక్కకుండా పైనే గొట్టంలో లాగించుకోవచ్చు.

నాలుగోతరం:
అందరికీ థాంక్స్. నిన్న కొలిచాను. బయట దారి మీద మళ్లీ మళ్లీ కాంక్రీటు పోస్తూ పోయారు, లోపలి గచ్చుకీ బయటికీ తేడా ఇప్పుడు అంగుళం! ముందు అది తవ్విస్తున్నాం. వైర్లు బట్టవే, మార్పించేస్తాను.

పెద్ద బీరువా జరపడానికి తమ్ముడే వచ్చి చెయ్యి వేశాడు. కింద పదకొండు పలకలు, ఒక్క గీత లేదు. కాకపోతే రంగు మరీ కొత్తగా ఉంది, ముందు గదిలో వేస్తే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయేమో?

చెక్కపొట్టు:
కనిపిస్తాయి. వేసేయండి, నడుస్తూ ఉంటే కలిసిపోతాయి.