14 నెలల బాబు కుడి చేయి వాడటం లేదు – వీడియో కాల్‌లో ఫిజియోథెరపీ పనికొస్తుందా?

ప్రశ్న (పార్వతీపురం వైపు ఒక పల్లె నుంచి, బాబు తల్లి)

నమస్కారం అండీ. మా బాబు 32 వారాలకే పుట్టాడు, ఇప్పుడు 14 నెలలు. ఏదైనా ఎడమ చేత్తోనే అందుకుంటాడు. కుడి పిడికిలి బిగించే ఉంచుతాడు. ఆసరా లేకుండా కూర్చోలేడు. విశాఖలో డాక్టరుగారు సెరిబ్రల్ పాల్సీ (ఎదిగే మెదడు దెబ్బతిని కదలికలు సరిగా రాకపోవడం) అన్నారు, వారం వారం ఫిజియోథెరపీకి రమ్మన్నారు. మా ఆయన పనికి వెళ్లకపోతే గడవదు, వాణ్ణి ఎత్తుకుని అంత దూరం నేనొక్కదాన్నే ప్రతివారం వెళ్లలేను. మధ్యలో వీడియో కాల్‌లో చూపిస్తాం అంటున్నారు. ఫోన్లో చూస్తే చేయి ఎలా వస్తుందండీ? మా అత్తగారేమో నూనె రాసి గట్టిగా లాగితే నరాలు వదులవుతాయంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (పిల్లల ఫిజియోథెరపిస్టు)

అమ్మా, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు రెండేళ్ల దాకా వయసును డెలివరీ కావాల్సిన తేదీ నుంచి లెక్కేస్తాం. ఆ లెక్కన మీ బాబుకు దాదాపు 12 నెలలే. అయినా ఈ వయసులో ఒక్క చేతినే వాడటం మామూలు విషయం కాదు, అందుకని థెరపీ ఇప్పుడే మొదలుపెట్టాలి.

వీడియో కాల్ తప్పకుండా పనికొస్తుంది. కాల్‌లో మేం నేర్పేది మీకు, చేయించేది మీరు. బిడ్డ తనకు కావాల్సిన దాని కోసం తనే కదిలి, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తేనే ఆ కదలిక వస్తుంది. మనం చేయి పట్టుకుని ఆడిస్తే అంత లాభం ఉండదు. ఆ ప్రయత్నాలు రోజంతా జరిగేది మీ ఇంట్లోనే కదా. అందుకే కాల్‌లో "ఎక్సర్‌సైజులు చెప్పండి" అనకండి. "రెండు చేతులతో గ్లాసు పట్టుకోవాలి, ఏం చేయను?" అని ఒక పని పెట్టుకుని అడగండి.

ఇంట్లో మీ కాళ్ల మధ్య, వీపు మీకు ఆనించి కూర్చోబెట్టుకోండి. ఒక చేత్తో పట్టలేని పెద్ద బంతి, ఖాళీ గిన్నె ఇవ్వండి. ఆటవస్తువు కుడివైపు పెట్టండి, కుడివైపు నుంచే పిలవండి. అందుకునేదాకా కాసేపు ఆగండి, వెంటనే చేతికి ఇచ్చేయొద్దు. మంచి చేతిని కాసేపు కదలకుండా ఉంచి రెండో చేతితో ఆడించే పద్ధతి ఒకటుంది. అది మీ థెరపిస్టు నేర్పాకే, వాళ్లు చెప్పినంతసేపే. మీ అంతట మీరు చేయి కట్టేయకండి.

నూనె మెల్లగా రాస్తే బాబుకు హాయిగా ఉంటుంది, అత్తయ్యగారిని రాయనివ్వండి. గట్టిగా లాగడం మాత్రం వద్దు. చక్రాల వాకర్ కూడా కొనకండి.

కాల్ సమయానికి పిల్లలు ఏడుస్తారు, నిద్రపోతారు. కాబట్టి ముందురోజే ఒక నిమిషం వీడియో తీసి పంపండి. ఫోన్ అడ్డంగా, నేలమీద బాబు ఎత్తులో, వెలుతురు మీ వెనక నుంచి పడేలా పెట్టండి. బాబు చేతులు, కాళ్లు కనబడాలి.

కాల్‌తో సరిపెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. కండరాల బిగువు చేత్తో పట్టి చూడాలి, స్ప్లింట్ (చేతిని సరైన తీరులో ఉంచే పట్టీ) కొలతలు తీయాలి, డాక్టరు చెప్పినప్పుడు తుంటి ఎక్స్‌రే తీయించాలి. తుంటి జారడం మొదలైనా నొప్పి లేకపోవచ్చు, ఫోన్లో తెలియదు. ఫిట్స్ వస్తే కాల్ కోసం చూడకుండా ఆస్పత్రికే వెళ్లండి.

జవాబు (విజయనగరం నుంచి మరో తల్లి)

చెల్లీ, మా పాపకు రెండు కాళ్లూ బిగువే. కాల్ రోజున మా అత్తయ్యను, ఆయనను కూడా పక్కనే కూర్చోబెట్టుకునేదాన్ని. థెరపిస్టే నేరుగా చెప్పేసరికి ఇంట్లో వాదన తగ్గింది, పని కూడా అందరం పంచుకున్నాం.

విశాఖ ఒక్కటే దారి కాదు. ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద జిల్లా స్థాయిలో డీఈఐసీ కేంద్రాలు ఉంటాయి, పిల్లల ఎదుగుదల లోపాలను ముందే గుర్తించి థెరపీ ఇస్తారు, ఉచితం. దగ్గర్లో ఏది ఉందో ఆశా కార్యకర్తను అడుగు. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రానికి ఫిజియోథెరపిస్టు ఏ రోజు వస్తారో కనుక్కో. సదరం (వైకల్య సర్టిఫికెట్ కోసం చేసే పరీక్ష) స్లాట్ గురించి సచివాలయంలో అడుగు. సర్టిఫికెట్ వచ్చాక కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చెయ్యి, సెరిబ్రల్ పాల్సీకి వర్తిస్తుంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది, థెరపీ ఖర్చుకు కూడా కొంత ఇస్తారు.

ప్రశ్న అడిగిన తల్లి

ధైర్యం వచ్చింది అక్కా, చాలా థ్యాంక్స్ అండీ. ఇంకొకటి, నీళ్లు తాగేటప్పుడు రోజూ పొలమారుతుంది. అది కూడా కాల్‌లో అడగొచ్చా?

జవాబు (ఫిజియోథెరపిస్టు)

దీనికి కాల్ దాకా ఆగొద్దమ్మా. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే నిమ్ము చేసే ప్రమాదం ఉంది. ఈ వారమే పిల్లల డాక్టరుకు చూపించి, మింగడం పరీక్షించమని అడగండి. అప్పటిదాకా పడుకోబెట్టి ఏమీ పట్టొద్దు. నిటారుగా కూర్చోబెట్టి, తల వెనక్కి వాలకుండా పట్టుకుని, చెంచాతో కొంచెం కొంచెంగా, ఒక గుటక మింగాకే ఇంకోటి ఇవ్వండి. తాగాక గొంతులో గురగుర వచ్చినా, జ్వరం వచ్చినా, ఆయాసపడినా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.