డెబ్బది ఏళ్ల మారులు: ‘ఏళ్ల’ అంటే ఏడులా, సంవత్సరాలా?

పటమట:
ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగినప్పుడు యేసు చెప్పిన జవాబు నాలుగు రోజులుగా బుర్రలో తిరుగుతోంది. ‘ఏడు మారులా’, ‘ఏళ్ల మారులా’ అని అనుమానమొచ్చి బైబిల్లో మత్తయి 18 తీస్తే ‘డెబ్బది ఏళ్ల మారుల’ అనే ఉంది. మా అమ్మమ్మ దాన్ని డెబ్బై సంవత్సరాలనే చదివేది. కీర్తన 90లో ఆయుష్కాలం డెబ్బదే కాబట్టి బతికినన్నాళ్లూ క్షమించమన్నాడని ఆవిడ నమ్మకం. ఆవిడ బైబిలు వెనక అట్ట లోపల పెన్సిల్ గీతలున్నాయి. తోడికోడలు మాట అన్నప్పుడల్లా ఒక గీత. పదకొండుతో ఆగిపోయాయి. ఆవిడ చదివింది తప్పేనా?

బ్రాడీపేట:
తప్పేనండీ. ఎక్కాలు గుర్తు తెచ్చుకోండి: ఏడేళ్లు నలభై తొమ్మిది, పదేళ్లు డెబ్బై. ఆ లెక్కన డెబ్బై ఏళ్లంటే 490.

తెనాలి:
మాస్టారు చెప్పింది నిజమే, కానీ అసలు సాక్ష్యం అరసున్నలో ఉంది. సంవత్సరం ‘ఏఁడు’, బహువచనం ఏండ్లు. ఆదికాండం 5లో ఆదాము బతికింది ‘యేండ్లు’. అంకె ‘ఏడు’కి అరసున్న లేదు కాబట్టి ఏళ్లు. మనం మాటల్లో రెండూ కలిపేశాం, అమ్మమ్మగారి తప్పేమీ లేదు.

బ్రాడీపేట:
490 కూడా ఖాయం కాదు లెండి. గ్రీకు మాటను 77 అని కూడా చదవొచ్చు. ఆదికాండం 4లో లెమెకు తన పగను డెబ్బది యేడంతలని చెప్పుకుంటాడు. పగకు పెట్టిన లెక్కనే క్రీస్తు క్షమాపణకు తిప్పాడని నేను గట్టిగా నమ్ముతాను.

గుణదల:
అంకె సరే, క్రియ సంగతి చూడరేం? మేం కేథలిక్కులం పరలోక జపంలో ‘అప్పులు’ అంటాం, ‘మన్నించు’ అంటాం. క్షమ అంటే ఓర్పు, మన్నించులో మన్నన ఉంది. ఓర్చుకుని ఊరుకోవడం వేరు, ఎదుటి మనిషిని మళ్లీ గౌరవంగా గుమ్మంలోకి పిలవడం వేరు. పదకొండు దాకా అమ్మమ్మగారిది క్షమ, ఆ తర్వాత మన్నన అయ్యుండాలి.

తెనాలి:
మన్నించుకి రెండు అర్థాలూ పాతవేనండీ. ఒకదాన్ని రెండోదానిమీద రుద్దితే ఎలా?

అరండల్‌పేట:
అప్పు అన్నారు కాబట్టి జాషువా గుర్తొస్తున్నారు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో అకాడమీ బహుమతి వచ్చింది, కానీ ఈ విషయంలో నేను ‘ఫిరదౌసి’నే ముందు పెడతాను. కావ్యం రాస్తే బంగారు నాణేలిస్తానని పారశీక కవి ఫిరదౌసికి మాటిచ్చిన సుల్తాను వెండి ఇచ్చాడు. బంగారం వచ్చేసరికి కవి పోయాడు, కూతురు ఆ సొమ్ము ముట్టలేదు. క్షమించినట్టా, క్షమించనట్టా?

బ్రాడీపేట:
క్షమించలేదు.

గుణదల:
సొమ్ము కాదన్నంత మాత్రాన పగ ఉన్నట్టు కాదండీ. కొట్టినవాణ్ని మన్నించిన ఆడపిల్ల మళ్లీ అదే ఇంటికి వెళ్లి దెబ్బలు తినాలా? ఈ రెండూ కలిపేసి మా పేటలో ఎంతమందిని వెనక్కి పంపారో నేను చూశాను.

అరండల్‌పేట:
ఒప్పుకుంటాను. అయినా వినుకొండలో పుట్టి అన్ని అవమానాలు పడ్డ కవి ఆ కథనే ఎందుకు ఎంచుకున్నాడో ఆలోచించండి.

తెనాలి:
పటమట గారూ, ఆ గీతల పక్కన ఏమైనా రాసుందా?

పటమట:
తేదీలు లేవు. పదకొండో గీత పక్కన మాత్రం చిన్న అక్షరాలతో ‘కాఫీ తాగి వెళ్లింది’ అని ఉంది.