బడి ల్యాబ్‌లో డెబియన్ 13: ఏ డెస్క్‌టాప్ వేయమంటారు?

లెక్కల టీచర్, కనిగిరి

అందరికీ నమస్కారం. మాది జిల్లా పరిషత్ హైస్కూలు. లెక్కలు చెప్తాను, కంప్యూటర్ ల్యాబ్ కూడా నేనే చూసుకుంటాను. పూర్వ విద్యార్థులు ఇచ్చిన పాత సిస్టమ్‌లు ఉన్నాయి. అన్నీ డ్యూయల్ కోర్, 4 జీబీ ర్యామ్, లోపల పాత హార్డ్ డిస్కే. విండోస్ 10కి 2025 అక్టోబర్‌తో సపోర్టు ఆగిపోయింది, 11 వీటి మీద ఎక్కదు. అందుకని విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ రకం డెబియన్ 13 వేద్దామనుకున్నాం. ఇన్‌స్టాల్ చేస్తుంటే ఒకచోట డెస్క్‌టాప్ (తెర మీద మెనూలు, ఐకాన్లు, పట్టీ చూపించే భాగం) ఎంచుకోమంటోంది. గ్నోమ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ, కేడీఈ ప్లాస్మా, సినమన్, మాటే, ఎల్‌ఎక్స్‌క్యూటీ, ఇంకా ఏవో ఉన్నాయి. నెట్‌లో వెతికితే ఎవరికి నచ్చింది వాళ్లు గొప్పదంటున్నారు.

మా పిల్లలు తెలుగులో వ్యాసాలు టైప్ చేయాలి. ఆరో తరగతి వాళ్లు చేతికి దొరికిందల్లా లాగేస్తారు. పీరియడ్ అయ్యేసరికి కింద ఉన్న పట్టీ పక్కకి పోతుంది, ఐకాన్లు మాయమవుతాయి. తర్వాతి తరగతి వచ్చేలోపు అవన్నీ సర్దే తీరిక నాకుండదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఎనిమిదో తరగతిలో ఒకబ్బాయికి చూపు బాగా తక్కువ. తెరకి ముఖం ఆనించి చదువుతాడు. వాడు ఏ సిస్టమ్ ముందు కూర్చున్నా అక్షరాలు పెద్దవి చేసుకోగలగాలి. ఏది వేయమంటారు?

రమణ, సిస్టమ్ సర్వీసు, బాపట్ల

మేడమ్, 4 జీబీకి నా ఓటు ఎక్స్‌ఎఫ్‌సీఈకే. గ్నోమ్ ఏమీ తెరవకముందే దాదాపు ఒక జీబీ తీసుకుంటుంది. దాని మీద ఫైర్‌ఫాక్స్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే పాత హార్డ్ డిస్క్ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, పిల్లలు మౌస్ పట్టుకుని ఎదురుచూస్తుంటారు. ఎక్స్‌ఎఫ్‌సీఈకి అందులో సుమారు సగం చాలు. ప్లాస్మా బాగుంటుంది కానీ ఈ సిస్టమ్‌లకి వద్దు.

పట్టీ లాగేయడానికి మందుంది. ముందు ఒక సిస్టమ్‌లో ప్యానెల్ (అదే ఆ పట్టీ) మీకు కావలసినట్టు అమర్చండి. ఆ సెట్టింగులు హోమ్ ఫోల్డర్‌లో ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా ఉంటాయి. దాన్ని ఈటీసీ ఫోల్డర్‌లో ఎక్స్‌డీజీ కింద ఎక్స్‌ఎఫ్‌సీఈ సెట్టింగులు ఉండే చోటికి కాపీ చేయండి. అందులో ఛానెల్ అని మొదలయ్యే లైన్లో లాక్డ్ దగ్గర నక్షత్రం గుర్తు, అన్‌లాక్డ్ దగ్గర రూట్ అని రాస్తే సరి. ఇక ఎవరు ఎంత లాగినా ప్యానెల్ కదలదు. అదే ఫైలు మిగతా సిస్టమ్‌లలోనూ పెట్టేయండి.

తెలుగు సంగతికొస్తే, ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) నేర్పేటట్టయితే ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాం కూడా అక్కర్లేదు. కీబోర్డు సెట్టింగుల్లో లేఅవుట్ దగ్గర తెలుగు చేర్చి, భాష మార్చడానికి ఒక మీట పెట్టండి చాలు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టాలంటే ఐబస్, దాని ఎం17ఎన్ ప్యాకేజీ వేసి ఐట్రాన్స్ అనే పద్ధతి ఎంచుకోవాలి. నా మాట వింటే పిల్లలకి ఇన్‌స్క్రిప్టే నేర్పండి. తెలుగు 'క' ఏ మీట మీద ఉందో హిందీ 'క' కూడా అక్కడే ఉంటుంది. హిందీ మాస్టారికీ పనికొస్తుంది.

ఇంకో సంగతి. ఎక్స్‌ఎఫ్‌సీఈ మామూలు థీమ్‌లో విండో పైపట్టీ ఎత్తు తక్కువ. ఫైలుకి 'స్త్రీ విద్య' అని పేరు పెట్టి, ఫాంటు సైజు పెంచితే కింది వత్తులు తెగిపోతాయి. విండో మేనేజర్‌లో డిఫాల్ట్-హెచ్‌డీపీఐ అనే థీమ్ పెట్టండి, వత్తులు పూర్తిగా కనిపిస్తాయి. అలాగే కంపోజిటర్ (విండోల నీడలు, పారదర్శకత చూపించే భాగం) ఆపేస్తే సిస్టమ్ ఇంకాస్త తేలికవుతుంది.

సుజాత, హైదరాబాద్

రమణ గారూ, దయచేసి కంపోజిటర్ ఆపమనకండి. చూపు తక్కువ ఉన్నవాళ్లకి కంప్యూటర్ నేర్పడమే నా పని, అందుకే చెప్తున్నాను. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఆల్ట్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పితే తెర మొత్తం పెద్దదవుతుంది. కంపోజిటర్ నడుస్తుంటేనే అది పనిచేస్తుంది. ఆపేస్తే ఆ పిల్లవాడికి ఆ దారి మూసుకుపోయినట్టే.

మేడమ్, నిజం చెప్పాలంటే ఈ విషయంలో గ్నోమ్‌దే పైచేయి. ఎక్స్‌ఎఫ్‌సీఈలో పెద్దదైన తెర మౌస్ బాణం వెంటే కదులుతుంది. వ్యాసం టైప్ చేస్తూ లైను చివరికి వెళ్లేసరికి అక్షరాలు తెర దాటిపోతాయి, మళ్లీ మౌస్ కదపాలి. గ్నోమ్‌లో టైప్ చేస్తున్న చోటునే వెంబడించేలా పెట్టుకోవచ్చు. తెర చదివి వినిపించే ఓర్కా కూడా దాంతో బాగా కలిసిపోతుంది. పిల్లలు లాగేయడానికి గ్నోమ్‌లో కింద పట్టీ అంటూ ఉండదు కూడా. ఒక సిస్టమ్‌కి 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే డిస్క్) వేసి, అందులో గ్నోమ్ పెట్టి, దాన్ని ఆ అబ్బాయికి ఇవ్వండి.

లెక్కల టీచర్, కనిగిరి

ఇద్దరికీ ధన్యవాదాలు. సుజాత గారూ, మీరు చెప్పింది అర్థమైంది, కానీ వాడికి వేరే సిస్టమ్ పెట్టడం నాకు ఇష్టం లేదు. ల్యాబ్‌లో ఇద్దరిద్దరు కూర్చుంటారు. వాడు రోజుకొకరి పక్కన కూర్చుంటాడు, కలిసి చేస్తాడు. "అది వాడి కంప్యూటర్" అని ఒక మూల కేటాయిస్తే పక్కన ఎవరూ కూర్చోరు. అన్నిట్లోనూ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసి, కంపోజిటర్ అన్నిట్లోనూ ఉంచేస్తాను. కాస్త నెమ్మదైనా ఫర్వాలేదు. టైప్ చేసేటప్పుడు వాడి ఇబ్బంది తగ్గడానికి ఏమైనా ఉందా?

సుజాత, హైదరాబాద్

ఉందండీ. ప్రతి సిస్టమ్‌లో వాడికి విడిగా ఒక ఖాతా తెరవండి. ఆ ఖాతాలో అపియరెన్స్, ఫాంట్లు దగ్గర డీపీఐ (అక్షరాలు ఎంత పెద్దగా కనిపించాలో చెప్పే అంకె) 96 నుంచి 120కి, చాలకపోతే 144కి పెంచండి. మెనూలతో సహా అన్ని అక్షరాలూ పెద్దవవుతాయి, తెర పెద్దది చేసుకోవాల్సిన అవసరం చాలావరకు తగ్గుతుంది. రమణ గారు చెప్పిన తాళం ప్యానెల్‌కి మాత్రమే కాబట్టి ఇది మారుతుంది. రాసేటప్పుడు లిబ్రేఆఫీస్‌లో కంట్రోల్ పట్టుకుని చక్రం తిప్పితే పేజీ కూడా పెద్దదవుతుంది. ఆల్ట్‌కీ కంట్రోల్‌కీ తేడా వాడికి మొదటి రోజే చేయి పట్టి చూపించండి.

రమణ, సిస్టమ్ సర్వీసు, బాపట్ల

కంపోజిటర్ మాట వెనక్కి తీసుకుంటున్నాను మేడమ్, ఉంచేయండి. నెమ్మదిగా ఉందనిపిస్తే ముందు హార్డ్ డిస్కులు తీసి చిన్న ఎస్‌ఎస్‌డీలు వేయించండి, 120 జీబీ చాలు. ర్యామ్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. ప్యానెల్ ఫైలు దగ్గర ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే రాయండి.