ఎండింగ్ ‘వచ్చిందా’, ‘పడిందా’, ‘తెచ్చుకున్నామా’?

మన తెలుగు భాష గ్రూపులో పెద్దలకూ, గేములాడే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నమస్కారం. ఈసారి పద్యం కాదు, ఒక క్రియాపదం గురించి మాట్లాడుకుందాం. కింద కొన్ని గేముల ముగింపులు బయటపడిపోతాయి. ఆడబోతున్నవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

కథతో నడిచే రోల్ ప్లేయింగ్ గేముల్లో ముగింపు ఒక్కటే ఉండదు. మధ్యలో ఎవరిని కాపాడాం, ఎవరికి మాటిచ్చాం, ఎవరి మీద కత్తి దూశాం అన్నదాన్ని బట్టి చివర మారుతుంది. అందుకే ఒకే గేమ్ ఆడిన ఇద్దరు కలిస్తే మొదటి ప్రశ్న "నీకే ఎండింగ్ వచ్చింది?" అనే. విశాఖ ద్వారకానగర్ గేమింగ్ సెంటర్లలోనూ, రుషికొండ ఐటీ ఆఫీసుల బయట టీ బడ్డీల దగ్గరా నేను ఎన్నోసార్లు విన్నాను. అడిగేటప్పుడు అందరూ ‘వచ్చింది’ అనే అడుగుతారు, రిజల్ట్స్ గురించి అడిగినట్టు. జవాబులో మాత్రం క్రియ మారిపోతుంది. మంచిదైతే "గుడ్ ఎండింగ్ కొట్టాను" అంటారు. చెడ్డదైతే "నాకు బ్యాడ్ ఎండింగ్ పడింది" అంటారు. కొట్టినప్పుడు కర్త తాను. పడినప్పుడు కర్త ఎండింగ్, తాను ‘నాకు’ అంటూ పక్కకి జరుగుతాడు.

ఇదంతా నెపం పక్కకి నెట్టడమేనని కొట్టిపారేయడం నాకిష్టం లేదు. ఆటగాడు ఏ క్రియ వాడాడో వింటే, ఆ గేమ్ అతని చేతికి ఎంత పగ్గం ఇచ్చిందో తెలుస్తుందని నా నమ్మకం.

2015లో వచ్చిన విచర్ 3 తీసుకోండి. అందులో కథానాయకుడు గెరాల్ట్ కూతురిలా పెంచిన పిల్ల సిరి. కోటలో యుద్ధం జరిగి, పెద్దదిక్కు వెసెమిర్ చనిపోయాక సిరి కుంగిపోయి ఉంటుంది. అప్పుడు గెరాల్ట్‌గా ఆడుతున్న మనకి గేమ్ రెండు మాటలిస్తుంది. ఒకటి, అన్నీ నీకే రావాలని లేదులే అని సర్దిచెప్పడం, ఆపైన కలిసి మందు తాగడం. రెండోది, నీ మనసు తేలికపడే దారి నాకు తెలుసు అని బయటికి తీసుకెళ్లి మంచు ఉండలతో ఆడుకోవడం. మొదటి మాటలో చెడు ఏమీ కనిపించదు. మన ఇళ్లలో ఏ నాన్నయినా అనే మాటే అది. గేమ్ లెక్కలో మాత్రం అది పిల్ల మీద నమ్మకం లేకపోవడం కింద జమ అవుతుంది. ఇలాంటివి ఇంకొన్ని తోడైతే, చాలా గంటల ఆట తర్వాత, ప్రపంచాన్ని మింగబోతున్న చలిని ఆపడానికి ఒంటరిగా వెళ్లిన సిరి తిరిగి రాదు. వెళ్తుండగా ఆ పాత క్షణాలు ఆమె జ్ఞాపకాలుగా తెర మీదికి వస్తాయి. ఎప్పుడో రాత్రి పన్నెండింటికి నిద్రమత్తులో నొక్కిన ఒక బటన్ అప్పుడు గుర్తొస్తుంది. ఆ మనిషి ‘పడింది’ అంటే నేను తప్పు పట్టలేను. అతను ఆ పిల్లని ఓదార్చాలనే అనుకున్నాడు.

మీ ఇళ్లలో, మీ స్నేహితుల్లో ఏ క్రియ వినబడుతుందో చెప్పండి.

జవాబు, గాజువాక నుంచి

అన్నా, ‘తెచ్చుకున్నాను’ వదిలేశారు. మా బ్యాచ్‌లో అదే ఎక్కువ. 2015లోనే వచ్చిన అండర్‌టేల్ ఆడారా? దాదాపు టోబీ ఫాక్స్ ఒక్కడే తయారుచేసిన గేమ్. అందులో ఎవర్నీ చంపకుండా చివరిదాకా వెళ్లొచ్చు. అందర్నీ చంపుతూ కూడా వెళ్లొచ్చు. ఆ రెండోది ఎవరికీ పొరపాటున పడదు. ఎదురైనవాళ్లని చంపితే చాలదు. ఒక్కో చోట ఆగి, ఇక ఎవరూ రావడం లేదు అని గేమ్ చెప్పేదాకా వెతికి వెతికి చంపాలి. ఊరు ఖాళీ అయిపోతుంది, పాట నెమ్మదించిపోతుంది. అయినా ఆపకుండా నడిస్తే గానీ ఆ ముగింపు రాదు. దానికి ‘పడింది’ అనే క్రియ చెల్లదు. ‘చేసుకున్నవాడికి చేసుకున్నంత’ అని పెద్దవాళ్లు అంటారే, ఆ ‘చేసుకొను’లోని ‘కొను’ ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

ఇంకోటి. మొదట్లో తల్లిలా చూసుకునే టోరియల్‌ని చంపేసి, బాధేసి, సేవ్ లోడ్ చేసి (ముందు దాచుకున్న చోటికి వెనక్కి వెళ్లి) ఈసారి వదిలేశారనుకోండి. మీరు ముందు ఏం చేశారో తనకి తెలుసని ఫ్లావీ అనే పువ్వు మొహం మీదే చెప్తుంది. నాకు వెన్ను జలదరించింది. లోడ్ చేస్తే చెరిగిపోతుందనుకున్న పని చెరగలేదు.

జవాబు, మధురవాడ నుంచి

ఇద్దరూ ఆటగాడి క్రియలే చెప్పారు. కోపమొస్తే మనం వాడే క్రియ వేరు: "ఇలాంటి ఎండింగ్ పెట్టారేంటి!" పెట్టినవాళ్లు తయారుచేసినవాళ్లు. ఆ క్షణంలో ఆటగాడు వాక్యంలోంచి పూర్తిగా బయటికొచ్చేస్తాడు.

2012 మార్చిలో మాస్ ఎఫెక్ట్ 3 వచ్చినప్పుడు ప్రపంచమంతా వినబడింది ఆ మాటే. మూడు గేములు, 2007 నుంచి ఒకే పాత్ర, మొదటి గేమ్‌లో చేసిన పనులు మూడో గేమ్‌లోకి కూడా వస్తాయి. అంత దూరం నడిపించి చివర మూడు దారులు పెట్టారు. ఏది ఎంచుకున్నా దాదాపు అవే దృశ్యాలు, వెలుగు రంగు మాత్రం ఎరుపో నీలమో ఆకుపచ్చో. అభిమానులు ఆ గేమ్ తయారుచేసిన బయోవేర్ కంపెనీ ఆఫీసుకి 400 దాకా కప్ కేకులు పంపించారు. పైన క్రీము ఆ మూడు రంగుల్లో ఉంది, రుచి మాత్రం అన్నిటిదీ ఒకటే. కంపెనీ వాటిని ఒక యువజన ఆశ్రయానికి ఇచ్చేసింది. అదే సమయంలో నిరసన పేరుతో పిల్లల సహాయ సంస్థకి వేల డాలర్ల విరాళాలు కూడా పోగయ్యాయి. జూన్ 26న కంపెనీ ముగింపుని పొడిగించి ఉచితంగా ఇచ్చింది. అందులో ఆ మూడు దారుల్నీ కాదనే నాలుగో దారి కూడా చేరింది.

చెడ్డ ముగింపు అని కాదు వాళ్ల కోపం. నేను తెచ్చుకున్నదేదీ అందులో లేదు, మీరు పెట్టిందే ఉంది అని. ఆ గేమ్ ముగించాక నేను మూడు రోజులు ఆఫీసులో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

జవాబు, సీతమ్మధార నుంచి

బాబూ, నేను ఈ ఆటలు ఆడను. మా మనవడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూస్తాను. మా చిన్నప్పుడు కథ చెప్తుంటే వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే నిద్రపోయావా అని కథ ఆపేసేవారు. అయిపోయాక ‘కథ కంచికి, మనం ఇంటికి’. కంచి ఏడు మోక్షపురుల్లో ఒకటి కాబట్టి కథకీ మోక్షం అని మా నాన్నగారు చెప్పేవారు. మీరంతా కథ కంచికి ఎలా వెళ్లిందనే మాట్లాడుతున్నారు. నాకు మాత్రం మనవణ్ని చూస్తే అనిపించేది, వాడికి రెండో సగం అందడం లేదని. ఆట అయిపోయింది, తెర మీద పేర్లు పడుతున్నాయి, వాడు అలాగే కూర్చుని ఉంటాడు. అన్నానికి పిలిస్తే పలకడు. వాణ్ని ఇంటికి ఎవరు పంపించాలి? ఇంకో ముగింపు కూడా ఉందంటున్నారు కదా, వెనక్కి వెళ్లి అది చూసుకోవచ్చుగా?

జవాబు, అక్కయ్యపాలెం నుంచి

చిన్న మాట. పైన ఎవరూ వాడలేదు గానీ పత్రికల్లో ‘బహుముగింపులు’ అని కనిపిస్తే సరిదిద్దండి. బహు సంస్కృతం, ముగింపు తెలుగు, అది వైరి సమాసం. ‘పలు ముగింపులు’ హాయిగా ఉంది.

చర్చ మొదలుపెట్టినవాడి జవాబు

సీతమ్మధార అమ్మగారికి ముందు జవాబు చెప్పాలి. అమ్మా, వెనక్కి వెళ్లి చూడొచ్చు. చాలామంది చూస్తారు. కానీ అక్కడా క్రియ మారిపోతుంది. మొదటిసారి వచ్చిన ముగింపుకి "నాకు వచ్చింది" అంటారు. తర్వాత సేవ్ లోడ్ చేసి తెప్పించినవాటికీ, యూట్యూబ్‌లో వెతికినవాటికీ "చూశాను" అంటారు. "మిగతా రెండూ యూట్యూబ్‌లో చూశాను" అన్నవాడికి తన కథ మొదటిదే. మీ మనవడు కదలకుండా కూర్చున్నది దాని దగ్గర. ఇంకో ముగింపు చూపించినా అది పక్కింటివాళ్ల పెళ్లి వీడియోలా ఉంటుంది అతనికి. చూసి బాగుందంటాడు, అంతే.

ఇక మీ రెండో సగం. మీరన్నది చదివాక మధురవాడ చెల్లి చెప్పిన గొడవ కూడా నాకు కొత్తగా అర్థమైంది. మాస్ ఎఫెక్ట్‌లో జనం అడిగింది ఎక్కువగా అదే: నాతో ఇన్నేళ్లు నడిచినవాళ్లు ఏమయ్యారు? పొడిగించిన ముగింపులో కంపెనీ చేర్చిందీ ఎక్కువగా ఆ సంగతులే.

బాల్డర్స్ గేట్ 3లోనూ ఇలాగే జరిగింది. 2023 ఆగస్టులో వచ్చింది. వంద గంటలు పైగా పట్టే కథ, చివర చటుక్కున ముగిసిపోయిందని చాలామంది బాధపడ్డారు. కార్లాక్ అనే ఆమె విషయంలో మరీను. గుండె స్థానంలో మండే యంత్రంతో బతికే మనిషి. ఆమెకి ఇంకాస్త మంచి చివర కావాలని అడిగారు, ఆగస్టు ఆఖర్లోనే గేమ్ తయారుచేసిన లారియన్ కంపెనీ కొంత చేర్చింది. తర్వాత నవంబరు 30న ఇంకో మార్పు వచ్చింది. యుద్ధం అయిన ఆరు నెలలకి, బతికున్న స్నేహితులంతా పాత శిబిరంలో ఒక రాత్రి కలుసుకుంటారు. రాలేనివాళ్లు కొందరు ఉత్తరాలు పంపిస్తారు. గెలవాల్సిందేమీ లేదు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి ఎలా ఉన్నావని అడగడమే. అమ్మా, మీరన్న ‘మనం ఇంటికి’ అదే. ఆ రాత్రి తర్వాత గేమ్ మూసేసి పడుకోగలిగాను.

ఫాల్అవుట్ 3 కథ దీనికి పూర్తి వ్యతిరేకం, అది గుర్తొస్తే నాకిప్పటికీ మనసొప్పదు. 2008లో వచ్చింది. చివర విషపు రేడియేషన్ నిండిన గదిలోకి ఎవరో ఒకరు వెళ్లాలి, వెళ్తే చావే. మన పక్కన ఫాక్స్ అనే భారీకాయుడు ఉండొచ్చు, రేడియేషన్ అతన్ని ఏమీ చేయదు. అంతకుముందు అలాంటి గదిలోకే వెళ్లి మనకోసం వస్తువు తెచ్చిపెడతాడు. ఇక్కడ అడిగితే మాత్రం, ఇది నీ రాత, నేను అడ్డురాను అన్నట్టు తప్పుకుంటాడు. తెలుగులో ‘రాత’కి రెండర్థాలూ ఇక్కడ ఒకేచోట కలిశాయి. అది విధి రాసింది కాదు, కథ రాసినవాళ్లు అలా రాశారు, ఆటగాడికది కళ్లకి కట్టినట్టు కనబడింది. అందుకే ‘పెట్టారు’ అన్నారు. 2009లో వచ్చిన అదనపు భాగంలో అతను వెళ్లడానికి ఒప్పుకుంటాడు. మన పాత్ర బతికి కథ ముందుకి సాగుతుంది.

గాజువాక తమ్ముడూ, నీ ‘తెచ్చుకున్నాను’ చాలా సరైంది. దానికి పక్కనే ఇంకో క్రియ చేర్చాలి, ‘ఇచ్చేశాను’. 2017లో వచ్చిన నియర్ ఆటోమాటాలో 26 ముగింపులున్నాయి, ఏ నుంచి జెడ్ దాకా. కొన్ని చిన్నవే, మన కానాగంత లాంటి చేప ఒకటి తింటే పాత్ర చచ్చిపోయి గేమ్ ముగిసిపోతుంది, అది కూడా ఒక ఎండింగ్ కింద లెక్క. అసలైంది ఇంగ్లీషు ‘E’ అక్షరం ముగింపు. తెర మీద పేర్లు పడుతుంటే వాటితోనే యుద్ధం చేయాలి. ఒక్కడివల్ల దాదాపు కాదు. ఓడిపోతూ ఉంటే ఎక్కడో ఉన్న ఇతర ఆటగాళ్లు సాయానికి వస్తారు, వాళ్ల మాటలు తెర మీద కనిపిస్తాయి. గెలిచాక గేమ్ అడుగుతుంది: నువ్వూ ఇలా ముక్కూమొహం తెలియనివాళ్లకి సాయపడతావా? అయితే నీ సేవ్ ఫైళ్లన్నీ చెరిపేస్తాను, ఒప్పుకుంటావా? ఒప్పుకుంటే పేజీ తర్వాత పేజీ కళ్లముందే ఖాళీ అవుతుంది. ఒప్పుకున్నవాళ్లెవరూ "సేవ్ పోయింది" అనడం నేను వినలేదు. "ఇచ్చేశాను" అంటారు. ఇన్ని ముగింపుల్లో కర్త ఎవరన్న సందేహమే రానిది నాకు తెలిసి ఇదొక్కటే.

వైరి సమాసం గురించి చెప్పినవారికి ధన్యవాదాలు. ‘పలు ముగింపులు’ అనే వాడతాను.

జవాబు, భీమిలి నుంచి

ఇంతమంది రాశారు గానీ మన ఉత్తరాంధ్ర క్రియ ఎవరూ రాయలేదు. మేం ‘పడింది’ అనం, "బ్యాడ్ ఎండింగ్ వచ్చీసింది" అంటాం. తినీసాను, చెప్పీసాను అన్నట్టే. మొన్న మా తమ్ముడు విచర్ ముగించి బయటికొచ్చి అన్న మాట, "అక్కా, నాను ఏటీ సెయ్యకుండానే వచ్చీసింది." మీరు రాసిన మంచు ఉండల సంగతి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే నానే సేసీసాను" అన్నాడు.

చర్చ మొదలుపెట్టినవాడి జవాబు

అమ్మా, ఈ ‘ఈసు’ని రాయకుండా వదిలేయడం నాకు వెలితిగా ఉండేది, మీరు తీర్చారు. విజయనగరం, శ్రీకాకుళం నుంచి గేములాడే సభ్యులు ఉంటే ‘పడీసింది’ అని కూడా అంటారేమో చెప్పండి. మీ తమ్ముడు మళ్లీ ఆడతాడా, అలాగే ఉంచేస్తాడా?

జవాబు, భీమిలి నుంచి

ఉంచీసాడండి. అది తన సిరి అంట.